కాశీ యాత్రకు గది: ఆన్‌లైన్‌లో వెతికి, సరిచూసుకుని, మోసపోకుండా బుక్ చేసుకునే పద్ధతి

"కాశీకి టికెట్లు దొరికాయి, ఉండడానికి ఎక్కడ బుక్ చేసుకోవాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అమ్మానాన్నలను, అత్తమామలను తీసుకెళ్లే మామూలు కుటుంబాలకు పనికొచ్చేలా మొత్తం పద్ధతిని వరుసగా రాస్తున్నాను. ఇదే వరుస అరుణాచలానికి, షిర్డీకి, పూరీకి కూడా పనిచేస్తుంది. తిరుమల లెక్క వేరు కాబట్టి దాని గురించి చివర్లో విడిగా చెబుతాను.

ముందుగా ఒక్క మాట. యాప్‌లో కనబడే రేటును బట్టి గది చౌకో కాదో తేల్చకండి. బండి ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి ఎంత నడవాలి, ఎన్ని మెట్లెక్కాలి, రోజుకు ఆటోలకు ఎంతవుతుంది అన్నవి తెలిశాకే అసలు ధర తేలుతుంది.

## 1. ఫోన్ తీయకముందు కాగితం మీద రాసుకోండి

నేరుగా యాప్ తెరిస్తే వందల హోటళ్లు కనబడి తల తిరుగుతుంది. ముందు మీ అవసరం రాసుకుంటే అందులో ముప్పావు వంతు వాటంతటవే పక్కకు పోతాయి.

- ఎంతమంది పెద్దలు, ఎంతమంది పిల్లలు, పిల్లల వయసులు. చాలా హోటళ్లు వయసును బట్టే అదనపు మంచానికి డబ్బు తీసుకుంటాయి.
- మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా. ఉంటే లిఫ్టు గానీ కింది అంతస్తు గానీ ఉండాలి, కమోడ్ ఉన్న బాత్రూమ్ కూడా తప్పనిసరి.
- రైలు ఏ స్టేషన్‌కు, ఎన్ని గంటలకు చేరుతుంది.
- ఎన్ని రాత్రులు. మూడు రాత్రులా, కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలనే మొక్కా.
- వంట చేసుకోవాలా, బయట తింటారా, సత్రం భోజనమా.
- ఎవరికైనా విదేశీ పాస్‌పోర్టు ఉందా.
- పన్నులు, ఆటోలు అన్నీ కలిపి వసతికి పెట్టగలిగే మొత్తం.

స్టేషన్ విషయం తేలిగ్గా తీసుకోకండి. కాశీకి వెళ్లేవాళ్లు ఎక్కువగా దిగే స్టేషన్లు మూడు. ఒకటి వారణాసి జంక్షన్, దాన్నే అక్కడివాళ్లు కాంట్ అంటారు. రెండోది బనారస్ స్టేషన్, పాత పేరు మండువాడీహ్. మూడోది పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అంటే పాత మొగల్‌సరాయ్. ఇది గంగకు అవతలి వైపు ఉంది. కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి రాకుండా ఇక్కడే ఆగి ముందుకు వెళ్లిపోతాయి. తెల్లవారుజామున సామానుతో అక్కడ దిగితే వంతెన దాటి ఊళ్లోకి రావడానికి పెట్టే ఖర్చు కూడా వసతి లెక్కలోదే.

## 2. తేదీలకు పంచాంగం చూడండి, అదీ ఉత్తరాది పంచాంగం

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన నెలలు అమావాస్యతో ముగుస్తాయి, అక్కడివాళ్ల నెలలు పౌర్ణమితో ముగుస్తాయి. అందుకే వాళ్ల శ్రావణం మనకంటే సుమారు పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. మన క్యాలెండర్‌లో ఇంకా ఆషాఢమే కదా, రద్దీ ఉండదు అనుకుని వెళ్తే కావడి యాత్రికులతో ఊరు నిండిపోయి ఉంటుంది. ముఖ్యంగా సోమవారాల్లో గుడి చుట్టుపక్కల అడుగు వేయడం కష్టం.

గదుల రేట్లు పెరిగే రోజులు:

- కార్తీక పౌర్ణమి. ఆ రోజే అక్కడ దేవ్ దీపావళి. ఘాట్ వైపు గదుల ధరలు మామూలు రోజులకు పోలికే లేకుండా పెరిగిపోతాయి.
- మహాశివరాత్రి, దాని చుట్టూ ఉన్న రోజులు.
- సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ప్రయాగలో మాఘ మేళా. అక్కడ స్నానం చేసినవాళ్లలో చాలామంది కాశీకీ వస్తారు.
- ఆంగ్ల సంవత్సరాది వారం, వరుస సెలవులు.

రేట్లు తగ్గే కాలాలకూ వాటి ఇబ్బందులున్నాయి. మే, జూన్‌లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని గది చౌకగా వచ్చినా పెద్దవాళ్లు తట్టుకోలేరు. వానాకాలంలో గంగ పొంగితే ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు. అప్పుడు ఒక ఘాట్ నుంచి మరో ఘాట్‌కు ఒడ్డు వెంట నడిచే దారి ఉండదు, సందుల్లోంచే తిరగాలి. ఘాట్ పక్కనే అని ఎక్కువ పెట్టి గది తీసుకున్నా ఆ రోజుల్లో ఉపయోగం తక్కువ.

డిసెంబరు, జనవరిలలో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లకు బుకింగ్ రద్దు నిబంధనలు అన్నిటికంటే ముఖ్యం. పదో విభాగంలో చెబుతాను.

తేదీలు మార్చుకునే వీలుంటే ఒక చిన్న పని చేయండి. యాప్‌లో ఒకే హోటల్‌ను మూడు వేర్వేరు వారాలకు పెట్టి చూడండి. ధరలో తేడా ఎక్కువగా ఉంటే ఆ వారంలో ఏదో పండుగో, మేళానో ఉందని అర్థం.

## 3. హోటల్ కంటే ముందు పేటను ఎంచుకోండి

కాశీలో ఒకే ధరకు దొరికే రెండు గదుల మధ్య తేడా అంతా ఎక్కడున్నాయన్న దాంట్లోనే ఉంటుంది. మ్యాప్ తెరిచి ఈ ప్రాంతాలను గుర్తించండి.

గొదౌలియా, దశాశ్వమేధ ఘాట్. విశ్వనాథుడి గుడికి, సాయంత్రం గంగా హారతికి బాగా దగ్గర. కానీ కార్లను గొదౌలియా కూడలి దగ్గరే ఆపేస్తారు, రద్దీ రోజుల్లో ఇంకా ముందే. అక్కడి నుంచి సామాను మోసుకుంటూ జనంలో నడవాలి. గదులు ఇరుకు, ధర ఎక్కువ.

కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, పాండే ఘాట్. మనవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. తెలుగు సత్రాలు, ఆశ్రమాలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి, పడవవాళ్లలో, దుకాణదారుల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. కేదారేశ్వరుడి గుడి పక్కనే. ఆటో సోనార్‌పురా రోడ్డు దాకా వస్తుంది, అక్కడి నుంచి సందులో నడక. దశాశ్వమేధ ఘాట్‌కు ఒడ్డు వెంట సుమారు కిలోమీటరు.

అస్సీ ఘాట్. కొంచెం విశాలంగా ఉంటుంది, బండి దాదాపు ఘాట్ దగ్గరి దాకా వస్తుంది. నెలల తరబడి ఉండేవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు బాగుంటుంది. విశ్వనాథుడి గుడికి మాత్రం రెండున్నర, మూడు కిలోమీటర్లు.

కాంట్ స్టేషన్ చుట్టుపక్కల. లిఫ్టు, పార్కింగ్ ఉన్న హోటళ్లు ఇక్కడ ఎక్కువ, ధరలు తక్కువగా కనబడతాయి. ఘాట్లకు నాలుగైదు కిలోమీటర్లు. రోజుకు రెండుసార్లు వెళ్లి రావాలంటే ట్రాఫిక్‌లోనే సమయం పోతుంది. ఒక్క రాత్రి మకాముకు, సొంత కారులో వచ్చేవాళ్లకు సరిపోతుంది.

సార్‌నాథ్, బాబత్‌పుర్ విమానాశ్రయం రోడ్డు. యాప్‌లో "వారణాసి" అని వెతికితే ఇవీ కలిసే వస్తాయి. విమానాశ్రయం ఊరికి సుమారు 25 కిలోమీటర్లు. గుడి కోసం వెళ్లేవాళ్లు ఇటువైపు చూడనక్కర్లేదు.

"గుడికి 400 మీటర్లు" అని హోటల్ పేజీలో రాసి ఉంటే అది తరచుగా మ్యాప్ మీద గీత గీసిన దూరం. గూగుల్ మ్యాప్స్‌లో నడక గుర్తు నొక్కి, హోటల్ నుంచి గుడి ద్వారం దాకా దారి పెట్టి చూడండి. కాశీ సందుల్లో 400 మీటర్లు 900 మీటర్లు కావడం వింత కాదు.

## 4. సత్రమా, లాడ్జీయా, హోమ్‌స్టేయా

సత్రంలో ఖర్చు తక్కువ, భోజనం ఉంటుంది, మన భాష వినబడుతుంది. కానీ ఎక్కువ సత్రాలు యాప్‌లలో కనబడవు, ఫోన్ చేసో, ఉత్తరం లేదా మెయిల్ పంపో అడగాలి. కొన్ని సత్రాలు తమ సామాజికవర్గం వారికే గదులిస్తాయి. కొన్ని ఒంటరిగా వచ్చినవారికి ఇవ్వవు. కొన్నింటిలో వరుసగా ఇన్ని రోజులే ఉండాలన్న నియమం ఉంటుంది. ఇవన్నీ మొదటి ఫోన్‌లోనే అడిగేయండి, మొహమాటం వద్దు. గుమ్మం దాకా వెళ్లాక కాదనిపించుకోవడం కంటే అది నయం.

తొమ్మిది నిద్రలు చేసేవాళ్లకు వంటగది ఉన్న హోమ్‌స్టే కలిసొస్తుంది. వారానికి మించి ఉంటే చాలామంది తగ్గించి ఇస్తారు, యాప్‌లో చూపించకపోయినా అడిగితే ఇస్తారు. గ్యాస్, గిన్నెలు ఇస్తారా, వంటకు విడిగా తీసుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి.

రెండు మూడు రాత్రులకు లిఫ్టున్న మామూలు హోటలే సుఖం.

రైల్వే రిటైరింగ్ రూములను చాలామంది మరచిపోతారు. ఐఆర్‌సీటీసీ సైట్‌లో కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ అయిన పీఎన్ఆర్ నంబరుతో బుక్ చేసుకోవచ్చు. తెల్లవారుజామున దిగి, హోటల్ గది మధ్యాహ్నం గానీ ఇవ్వనప్పుడు, స్నానాలు చేసి కాసేపు నడుం వాల్చడానికి ఇంతకంటే చవక దారి లేదు.

## 5. యాప్‌లో వెతికే వరుస

1. ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీరు ఎంచుకున్న పేట మీదకు వెళ్లి "హోటల్స్" అని వెతకండి. తేదీలు, మనుషుల సంఖ్య పెట్టండి. ధరలన్నీ మ్యాప్ మీదే కనబడతాయి.
2. నచ్చిన ఆరేడు పేర్లు రాసుకోండి. అంతకు మించి వద్దు.
3. ఆ పేర్లను రెండు బుకింగ్ యాప్‌లలో చూడండి. మేక్‌మైట్రిప్, గోఐబిబో ఒకే సంస్థవి. బుకింగ్ డాట్ కామ్, అగోడా కూడా ఒకే యాజమాన్యం కిందివి. కాబట్టి ఒక్కో జట్టు నుంచి ఒకటి చూస్తే చాలు, నాలుగూ తిరగేయనక్కర్లేదు.
4. ఫిల్టర్లలో మొదట పెట్టాల్సింది "ఉచిత రద్దు". తరువాత లిఫ్టు. తరువాత రేటింగు. ధర ఫిల్టరు అన్నిటికంటే చివర. ధరతో మొదలుపెడితే ఊరి చివరి గదులన్నీ పైకి వచ్చేస్తాయి.
5. మనుషుల సంఖ్య నిజంగా ఎంతో అంతే పెట్టండి. ఇద్దరికని బుక్ చేసి నలుగురు వెళ్తే కౌంటర్ దగ్గర అడిగినంతా ఇవ్వాల్సి వస్తుంది.
6. చివరికి మూడు పేర్లు మిగలాలి. ఇప్పుడు ఫొటోలు, రివ్యూలు చదవండి.

"ఇక ఒక్క గదే మిగిలింది", "ఇప్పుడు పదిమంది చూస్తున్నారు" అన్న ఎర్ర అక్షరాలు చూసి కంగారు పడకండి. ఆ యాప్‌కు కేటాయించిన గదుల్లో ఒకటి మిగిలి ఉండొచ్చు, హోటల్‌లో ఇంకా ఉండవచ్చు. పండుగ రోజుల్లో తప్ప అరగంట ఆలోచించుకుంటే పోయేదేమీ లేదు.

## 6. ఫొటోలు, రివ్యూలు ఎలా చదవాలి

హోటల్ పెట్టిన ఫొటోలు వదిలేసి బస చేసినవాళ్లు పెట్టినవే చూడండి. మంచం కాదు, బాత్రూమ్ ఫొటో చూడండి. నేల ఆరి ఉందా, గోడ మూలల్లో నల్లటి చెమ్మ ఉందా, బకెట్, మగ్గు ఎలా ఉన్నాయి, కమోడ్ పక్కన గోడకు పట్టుకోవడానికి ఏమైనా ఉందా. ఆ ఒక్క ఫొటో హోటల్ శుభ్రత గురించి చాలావరకు చెప్పేస్తుంది. తరువాత మెట్ల ఫొటో. పాత ఇళ్లను మార్చిన గెస్ట్‌హౌస్‌లలో మెట్లు నిలువుగా, ఇరుకుగా ఉంటాయి, పట్టుకోవడానికి రెయిలింగు కూడా ఉండదు.

రివ్యూలను "కొత్తవి ముందు" అని మార్చి చదవండి. మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పటి యాజమాన్యానిది కాకపోవచ్చు. ఐదు నక్షత్రాలవి, ఒక నక్షత్రానివి పక్కన పెట్టి రెండు, మూడు నక్షత్రాలవి ముందు చదవండి. వాటిలోనే వివరం ఉంటుంది: "వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాకానే", "గది బాగుంది కానీ పక్కన పెళ్లి హాలు" వంటివి. ఒకే ఫిర్యాదు ముగ్గురు వేర్వేరు నెలల్లో రాశారంటే అది నిజమే. ఒకే వారంలో, ఒకే తరహా మాటలతో పది పొగడ్తలుంటే నమ్మకండి.

రివ్యూల్లో ఈ మాటలు వెతకండి: లిఫ్టు, మెట్లు, వేడినీళ్లు, కోతులు, కరెంటు, వాసన, ఎక్స్‌ట్రా. కోతుల మాట చూసి ఆశ్చర్యపోవద్దు. కాశీలో బాల్కనీ ఉన్న గది తీసుకునేవాళ్లు దానికి ఇనుప జాలీ ఉందో లేదో తప్పక చూసుకోవాలి.

"గంగా వ్యూ" అని రాసి ఉంటే అది గది కిటికీలోంచా, మేడ మీది నుంచా అని అడగండి. దానికి అదనంగా డబ్బు కట్టేది గదిలోంచి కనబడితేనే.

## 7. మొత్తం లెక్క వేయండి

ఉదాహరణకు నలుగురు, రెండు గదులు, నాలుగు రాత్రులు అనుకుందాం.

స్టేషన్ దగ్గర గది ₹1,400. రెండు గదులకు నాలుగు రాత్రులు ₹11,200. 5 శాతం జీఎస్టీ ₹560. ఉదయం, సాయంత్రం ఘాట్‌కు వెళ్లి రావడానికి రోజుకు నాలుగుసార్లు ఆటో, ఒక్కోసారి ₹150 చొప్పున రోజుకు ₹600, నాలుగు రోజులకు ₹2,400. మొత్తం ₹14,160.

కేదార్ ఘాట్ దగ్గర గది ₹1,750. రెండు గదులకు నాలుగు రాత్రులు ₹14,000. జీఎస్టీ ₹700. మొత్తం ₹14,700. ఘాట్‌కు నడిచి వెళ్తారు.

తేడా ₹540. యాప్‌లో చూస్తే రాత్రికి గదికి ₹350 ఎక్కువ అనిపించిన హోటల్, నాలుగు రోజుల మొత్తంలో ఇంచుమించు సమానమే. పైగా మధ్యాహ్నం అమ్మ గదికొచ్చి పడుకుని సాయంత్రం మళ్లీ హారతికి వెళ్లగలుగుతుంది. రేట్లు మీ తేదీలకు మారతాయి, లెక్క వేసే తీరు ఇదే.

లెక్కలో మరచిపోయేవి:

- జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ₹7,500 దాకా ఉన్న గదులకు 5 శాతం, ఆపైన 18 శాతం.
- యాప్ తీసుకునే సర్వీసు రుసుము. ఆఖరి పేజీలో గానీ కనబడదు.
- అదనపు పరుపు.
- ముందస్తు చెక్ ఇన్, ఆలస్యపు చెక్ అవుట్.
- టిఫిను కలిపి ఉందా లేదా.
- సామాను మోసే కూలి.

బ్యాంకు కార్డు తగ్గింపులు, కూపన్లు అన్నీ ఈ ఆఖరి మొత్తం మీదే పోల్చండి. "60 శాతం తగ్గింపు" అన్న కొట్టివేసిన ధరను పట్టించుకోనక్కర్లేదు.

## 8. హోటల్‌కు ఫోన్ చేయండి

మూడు పేర్లు మిగిలాక, బుక్ చేయకముందే, పగటిపూట ఫోన్ చేయండి. హిందీ రాదని ఆగిపోకండి. ఈ వాక్యాలు చాలు:

- గాడీ హోటల్ తక్ ఆతీ హై? నహీఁ తో కిత్‌నా పైదల్ చల్‌నా పడేగా? (బండి హోటల్ దాకా వస్తుందా, లేకపోతే ఎంత నడవాలి)
- లిఫ్ట్ హై? కమరా కౌన్‌సీ మంజిల్ పర్ మిలేగా? (లిఫ్టుందా, ఏ అంతస్తులో ఇస్తారు)
- బాత్‌రూమ్ మే కమోడ్ హై?
- సుబహ్ పాంచ్ బజే పహుంచేంగే, కమరా మిలేగా? ఉస్‌కా పైసా అలగ్? (ఉదయం ఐదింటికి వస్తాం, గది ఇస్తారా, దానికి విడిగా డబ్బా)
- చెక్ అవుట్ బారహ్ బజే హై యా చౌబీస్ ఘంటే? (పన్నెండింటికా, 24 గంటల లెక్కా)
- టాక్స్ మిలాకర్ ఏక్ రాత్ కా కిత్‌నా? (పన్నుతో కలిపి ఒక రాత్రికి ఎంత)

వీటిలో గది ఎప్పుడిస్తారు, చెక్ అవుట్ ఎప్పుడు అన్న రెండూ బాగా ముఖ్యం. మన ఊళ్లలో చాలా లాడ్జీలు 24 గంటల లెక్కన ఇస్తాయి, ఎప్పుడు దిగితే అప్పటి నుంచి లెక్క. యాప్‌లలోని హోటళ్లు ఎక్కువగా మధ్యాహ్నం 12 నుంచి మరుసటి రోజు 11 దాకా. తెల్లవారి ఐదింటికి దిగేవాళ్లు ఈ తేడా గమనించకపోతే ఒక రోజు అద్దె అదనంగా పడుతుంది.

నేరుగా బుక్ చేస్తే తగ్గిస్తారా అని కూడా అడగండి. యాప్‌కు ఇచ్చే కమీషన్ మిగులుతుంది కాబట్టి చాలామంది తగ్గిస్తారు. ఒప్పుకున్న ధర, తేదీలు, రద్దు షరతు వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటగా వదిలేయొద్దు.

## 9. అసలు సైటేనా?

మోసాలు ఎక్కువగా జరిగేది గుడి వసతి పేరుతోనే. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేర సమన్వయ కేంద్రం కూడా, యాత్రికుల బుకింగ్‌ల పేరుతో నకిలీ సైట్లు నడుస్తున్నాయని హెచ్చరించింది. వాళ్లు చేసేది సాధారణంగా ఇలా ఉంటుంది. ధర్మశాల లేదా భక్తనివాస్ పేరుతో సైటు పెట్టి, గుడి ఫొటోలు వేసి, ప్రకటన డబ్బు కట్టి వెతుకులాటలో పైకి తెస్తారు. మీరు ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, ఆధార్ తీసుకుని, రశీదు లాంటిది పంపి, అడ్వాన్సు కట్టమంటారు. కట్టాక "పేమెంటు మా వైపు పడలేదు, మళ్లీ కట్టండి, మొదటిది వెనక్కి వస్తుంది" అంటారు. ఆ మాట వినబడిందంటే వెంటనే ఆపేయండి.

గుర్తుపట్టే పద్ధతి:

- వెతుకులాటలో పైన "స్పాన్సర్డ్" అని ఉన్నవి గుడి వసతికి వాడొద్దు.
- ప్రభుత్వ సైట్లలో చాలావాటికి, కొన్ని దేవస్థానం సైట్లకు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉంటుంది. అది ప్రైవేటువాళ్లకు దొరకదు. డాట్ ఆర్గ్, డాట్ ఇన్, డాట్ కామ్ ఎవరైనా కొనుక్కోవచ్చు.
- గూగుల్ మ్యాప్స్‌లోని ఫోన్ నంబర్లను కూడా మోసగాళ్లు మార్చేస్తుంటారు. సత్రం సొంత సైట్‌లో ఉన్న నంబరుతోనో, అక్కడ బస చేసి వచ్చిన తెలిసినవారి దగ్గరున్న రశీదులోని నంబరుతోనో సరిపోల్చండి.
- యూపీఐలో డబ్బు పంపేముందు తెర మీద పేరు వస్తుంది. సత్రం పేరో, ట్రస్టు పేరో రావాలి. ఎవరో వ్యక్తి పేరొస్తే ఆపండి.
- డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు. రిఫండ్ పేరుతో ఆ రెండింట్లో ఏది అడిగినా మోసమే.
- వీడియో కాల్ చేసి గుమ్మం, కౌంటరు, గది చూపించమనండి. నిజమైనవాళ్లు చూపిస్తారు.

మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

## 10. డబ్బు కట్టేటప్పుడు

మామూలు రోజుల్లో "హోటల్‌లో చెల్లించండి", ఉచిత రద్దు ఉన్న గది మంచిది. కాస్త ధర ఎక్కువైనా సరే. పెద్దవాళ్లతో ప్రయాణమంటే ఆఖరి నిమిషంలో ఆగిపోవాల్సి రావచ్చు.

పండుగ రోజుల్లో ఇది తలకిందులు. డబ్బు కట్టని బుకింగ్‌ను ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు రాగానే కొన్ని హోటళ్లు రద్దు చేస్తాయి. దేవ్ దీపావళికి వెళ్తుంటే కొంత ముందుగా కట్టి ఖాయం చేసుకోండి.

రద్దు గడువు తేదీతో పాటు గంట కూడా చూడండి. ఆ గడువుకు ఒకరోజు ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పొగమంచు నెలల్లో అయితే "రైలు ఆలస్యమైతే గది అట్టే పెడతారా" అని రాతపూర్వకంగా అడగండి. మొదటి రోజు రాకపోతే మొత్తం బుకింగ్ రద్దు చేసే హోటళ్లున్నాయి. రైలు ఆలస్యమని తెలియగానే ఒక ఫోన్, ఒక మెసేజ్ పెట్టాలి.

## 11. బుక్ చేశాక

- బుకింగ్ పత్రం ఫోన్‌లో దాచి, ఒక కాగితం ప్రతి తీసుకోండి. ఇంట్లో ఇంకొకరికి పంపండి.
- రెండు రోజుల ముందు హోటల్‌కు ఫోన్ చేసి గది ఖాయమేనని అడగండి.
- పెద్దలందరి గుర్తింపు కార్డులు పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. అది ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.
- అమెరికా వంటి విదేశీ పాస్‌పోర్టులున్న పిల్లలు, మనవలు వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి. వాళ్ల వివరాలను హోటల్ అధికారులకు ఫారం-సి రూపంలో ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు, సత్రాలు రాత్రిపూట కూడా గది లేదంటాయి.
- "మీ కార్డు ధ్రువీకరించండి, లేదంటే బుకింగ్ పోతుంది" అని లింకు వస్తే నొక్కొద్దు. హోటల్ పేరుతో, మీ తేదీలతో వచ్చినా నొక్కొద్దు. యాప్ తెరిచి అందులోనే చూసుకోండి.
- యాప్‌లో డబ్బు కట్టాక "అక్కడ రద్దు చేసి మాకు నేరుగా ఇవ్వండి, తగ్గిస్తాం" అని ఫోన్ వస్తే ఒప్పుకోవద్దు. బేరం బుకింగ్‌కు ముందే. తరువాత రద్దు చేస్తే మీ వైపు మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు.

## 12. తిరుమల, అరుణాచలం

కొండ మీది గదులు టీటీడీవి, మఠాలవి. బుకింగ్ యాప్‌లలో "తిరుమల" అని చూపించేవి తిరుపతి హోటళ్లే. టీటీడీ గదులు దాని సొంత సైట్‌లో, సుమారు మూడు నెలల ముందు, నెలకోసారి విడుదల చేస్తారు. టీటీడీ గదులిప్పిస్తామనే ఏజెంట్లకు డబ్బు ఇవ్వకండి. గది ఇచ్చేటప్పుడు ఆధార్, ముఖ గుర్తింపు ఉంటాయి, ఇంకొకరి పేరు మీద తీసుకున్నది పనికిరాదు. ఆన్‌లైన్‌లో దొరకకపోతే కొండ మీద గదులు కేటాయించే సీఆర్‌ఓ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. అదీ కాకపోతే యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు తీసుకుని హాల్లో విశ్రాంతి తీసుకోవచ్చు. కింద తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం ఉన్నాయి.

అరుణాచలంలో పౌర్ణమి రాత్రే అసలు ఇబ్బంది. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, ఆ రాత్రికి గదుల ధరలు విపరీతం. పౌర్ణమి తప్పనిసరి కాకపోతే మామూలు వారం మధ్యలో వెళ్లండి, అదే గది సగానికి సగం దొరకవచ్చు. రమణాశ్రమంలో ఉండాలనుకుంటే చాలా ముందుగా ఆశ్రమానికి రాసి అడగాలి.

## 13. తీరా వెళ్లాక తేడా వస్తే

సామాను పైకి ఎక్కించకముందే గది చూడండి. కుళాయి తిప్పి, గీజరు వేసి, ఏసీ పెట్టి, కమోడ్ నీళ్లు వదిలి, తలుపు గడియ లోపలి నుంచి వేసి చూడండి. రెండు నిమిషాల పని. సంతకం పెట్టాక గది మార్చడం కష్టం.

గది చూపించిన దానిలా లేకపోతే:

1. అక్కడికక్కడే ఫొటోలు, వీడియో తీయండి.
2. కౌంటర్‌లో వేరే గది అడగండి.
3. కుదరకపోతే హోటల్ నుంచి బయటికి రాకముందే యాప్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బయటికొచ్చి ఇంకోచోట దిగాక చేస్తే మీరే వద్దనుకున్నారని రాస్తారు.
4. "బుకింగ్ మాకు రాలేదు" అని హోటల్ అంటే ఆ మాట యాప్‌వాళ్లకు కౌంటర్ ఉద్యోగితోనే చెప్పించండి. వేరే గది ఇప్పించమనో, మొత్తం డబ్బు తిరిగివ్వమనో అడగండి.
5. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోన్ చేయండి. బుకింగ్ పత్రం, చెల్లింపు రశీదు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

ఖాళీ చేసేటప్పుడు జీఎస్టీ నంబరుతో బిల్లు అడగండి, సత్రంలో అయితే కట్టిన డిపాజిట్ రశీదు చూపించి డబ్బు వెనక్కి తీసుకోండి. మీ రైలు రాత్రికి ఉంటే సామాను కౌంటర్ దగ్గర పెట్టుకోనిస్తారా అని ఉదయమే అడిగి ఉంచండి. చాలా హోటళ్లు ఉచితంగానే ఒప్పుకుంటాయి, పెద్దవాళ్లు కూర్చోవడానికి కింద హాల్లో చోటు కూడా ఇస్తాయి.